ఎడమ మోటారు ఆలస్యంగా లేస్తోంది

నవంబర్ 2, ఆదివారం

ఖాతా, అంటే మా మగ్గాల కార్ఖానా, ఇంకా బంద్. దీపావళి సెలవులు అయిపోలేదు. ఉన్‌లో, ఈ కార్ఖానాల పేటలో, మా గల్లీ సగం ఖాళీ — అందరూ ఊళ్లకు పోయారు. మేం పోలేదు. మా అమ్మాయి మేఘనకు కాలేజీ పరీక్షలు.

సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగితే ఈ ప్రాంతం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఏడాదికోసారి గుర్తొస్తుంది. ఆ నిశ్శబ్దంలోనే చెవుల్లో ఈల. ఎడమ దాంట్లో ఎక్కువ, కుడి దాంట్లో కొంచెం. మగ్గాలు నడుస్తున్నన్నాళ్లూ ఆ చప్పుడు కింద కప్పబడిపోతుంది. సెలవులొస్తే బయటపడుతుంది. ఇంట్లో చెప్పలేదు. ఖాతాలో అసలే చెప్పలేదు. ఇదిగో, ఈ కాగితానికి చెప్తున్నాను.

మధ్యాహ్నం ఆల్థాన్‌లో మూర్తిగారింటికి వెళ్లాను. రైల్వే సిగ్నళ్లలో పనిచేసి రిటైరైన మనిషి. ఎనిమిదేళ్ల కిందట బస్టాపులో తెలుగు మాట వినబడి పలకరించుకున్నాం, ఇప్పటికీ పలకరించుకుంటూనే ఉన్నాం. ఆయన చేస్తున్న చెక్క పడవ తయారైంది! బల్ల మీద పెట్టి చూపించాడు. మూరెడు పొడుగు, రెండంతస్తుల లాంచీ, కిటికీలకు అద్దాలు కూడా. మూడేళ్ల పని. అడుగున రెండు ఇత్తడి పంకాలు.

కానీ మూర్తిగారి చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. టీ కప్పు సాసరు మీద టకటకలాడుతోంది. వైరింగ్ తన వల్ల కాదన్నాడు.

"రెండు మోటార్లండీ మాస్టరుగారూ. రిమోట్ చెప్పిన మాట రెండూ ఒకేసారి వినాలి. ఒకటి విని ఒకటి వినకపోతే పడవ గుండ్రంగా తిరుగుద్ది. ఈ చలికాలంలో దీన్ని నీళ్ల మీద చూడాలని ఉంది."

నూట ఇరవై సాంచాల మోటార్లు చూసుకునే మాస్టర్ని. నిమ్మకాయంత మోటార్లు రెండు... ఎంతసేపని! సరే అనేశాను. బస్సులో పడవను ఒళ్లో పెట్టుకుని వచ్చాను. కండక్టరు దాన్ని పసిపిల్లను చూసినట్టు చూశాడు.

నవంబర్ 3, సోమవారం

సామాను నేల మీద పరిచాను. బ్యాటరీ. రిమోట్. దాని మాట అందుకునే రిసీవరు. రెండు మోటార్లు. ఒక్కో మోటారుకూ ఒక్కో స్పీడ్ కంట్రోలర్ — అగ్గిపెట్టెంత డబ్బా. బ్యాటరీకీ మోటారుకూ మధ్యలో కూర్చుని, రిమోట్ మీద పుల్ల ఎంత తోస్తే అంత కరెంటు వదులుతుంది.

నా భార్య సుజాత ఊడ్చుకుంటూ వచ్చి చీపురు ఆపింది. "గీ బొమ్మ పనికి ఇల్లంత పరిచినవేంది?"

"బొమ్మ కాదు. లాంచీ."

"అయితే జర పక్కకు పెట్టుకో నీ లాంచీ."

నవంబర్ 4, మంగళవారం

రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను.

రెండు పంకాలూ ఎదురెదురుగా తిరగాలి — ఎడమది ఎడమకు, కుడిది కుడికి. ఎడమది తప్పు దిక్కుకు తిరిగింది. మోటారుకు మూడు వైర్లు. మూడింట్లో ఏ రెండు తారుమారు చేసినా దిక్కు మారుతుంది, సాంచా మోటారుకూ అంతే. ఇందులో కొత్తేమీ లేదు.

కానీ ఖాతాలో మేం మోటారు మూత ఎప్పుడు విప్పాం? లోపలంతా నూలు నుసి, నూనె, తుప్పు పట్టిన బోల్టులు. ఎవడూ ముట్టుకోడు. దిక్కు మార్చాలంటే గోడ మీద స్టార్టర్ డబ్బా తెరిచి, కరెంటు వచ్చే వైపే రెండు వైర్లు మారుస్తాం. ఇరవై ఆరేళ్లుగా ఇదే. నేర్చుకున్న మొదటి పని ఇదే. పదిమందికి నేర్పింది ఇదే.

చెయ్యి దానంతట అదే కరెంటు వచ్చే వైపు వెళ్లింది. కంట్రోలర్‌కు అటు వైపు ఉన్నవి రెండే వైర్లు — ఎరుపు, నలుపు. స్క్రూలు విప్పాను. తారుమారు చేశాను. బిగించాను. నిదానంగా, శుభ్రంగా, మాస్టర్ పని! స్విచ్ వేశాను.

ఫట్.

సన్నటి పొగ. బ్యాటరీ ఊడబీకేసరికి డబ్బా ఉబ్బిపోయింది. బ్యాటరీకి ప్లస్సు మైనస్సు ఉంటాయని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. నా చేతికి తెలియదు.

"ఏం కాలింది?" వంటింట్లోంచి సుజాత.

"ఏం లేదు."

"ఏం లేకుంటే వాసనెందుకస్తది?"

పేపరు కప్పాను. మూర్తిగారికి ఫోన్ చేశాను. "ఏ వైపు మార్చారండీ?" అన్నాడు. "సప్లై దిక్కు సార్" అన్నాను. తర్వాత నవ్వు... దగ్గొచ్చేదాకా నవ్వాడు. తన దగ్గర ఇంకో జత ఉందట. జత అంటే జతే వెయ్యాలి, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ అయితే రెండూ సమంగా నడవవట. మనసులో నాకూ నవ్వొచ్చింది, కానీ ఆయన నవ్వు తగ్గాకే.

నవంబర్ 6, గురువారం

ఖాతా తెరిచారు. సగం మంది రాలేదు. నలభై సాంచాలు నడిపాం. చప్పుడు మొదలవగానే చెవిలో ఈల పోయింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

సాయంత్రం మేనేజరు పిలిచి ఒక చీటీ ఇచ్చాడు. జనవరిలో నీళ్ల ధారతో నేసే కొత్త మగ్గాలు దిగుతాయి. ఎక్కడ పోగు తెగినా, ఎక్కడ నీళ్లు తగ్గినా, బీప్ కొట్టి పిలుస్తాయట. వాటి మీద పెట్టే మాస్టర్లకు ముందు చెవుల పరీక్ష. నాది 24వ తారీఖు, సోమవారం.

"పాతవాటి మీదే ఉంట సాబ్" అన్నాను. పాతవి భంగార్‌కు, తుక్కు సామానుకు, పోతున్నాయన్నాడు. హోలీ దాటితే ఒక్కటీ ఉండదన్నాడు.

చీటీ ఈ డైరీలో పెట్టాను. వెనక అట్టకూ చివరి పేజీకీ మధ్య. సుజాత డైరీ ముట్టుకోదు.

నవంబర్ 8, శనివారం

కొత్త జత వచ్చింది. ఈసారి మోటారు వైపే రెండు వైర్లు మార్చాను. మూడుసార్లు చూసి. దిక్కు సరిపోయింది.

ఇంకో చిక్కు. రెండు కంట్రోలర్లూ రిసీవరుకు కరెంటు పంపుతాయి. రెండూ పంపితే ఒకదానితో ఒకటి తగువు. అందుకని ఒకదాని ప్లగ్గులోంచి ఎర్ర వైరు పిన్ను లాగేసి, మడిచి, టేపు చుట్టాలి. సూదితో చిన్న నాలిక ఎత్తితే పిన్ను దానంతట అదే జారి వచ్చింది. ఇలాంటి పని నాకు ఇష్టం. కూర్చుని చేసే పని, చప్పుడు లేని పని.

నవంబర్ 9, ఆదివారం

ఇవాళ కంట్రోలర్లకు రిమోట్ పుల్ల నేర్పాలి. ఎక్కడిదాకా తోస్తే పూర్తి వేగం, ఎక్కడికి దింపితే సున్నా. మూర్తిగారు కాగితం మీద రాసిచ్చాడు, వణికే అక్షరాలతో:

పుల్ల పైకి తోసి ఉంచండి. బ్యాటరీ కలపండి. రెండు బీపులు వస్తాయి. వెంటనే కిందికి దించండి. పొడుగు బీప్ ఒకటి వస్తుంది. అయిపోయింది. ఆలస్యం చెయ్యొద్దు — ఆలస్యమైతే వేరే సెట్టింగుల్లోకి పోతుంది.

పంకాలు ఊడదీశాను. ఎడమ దానితో మొదలు. పుల్ల పైకి. బ్యాటరీ కలిపాను. ఆగాను.

ఏమీ లేదు.

ఇంకాస్త ఆగాను. ఏమీ లేదు. ఇది కూడా కాలిందా అని వాసన చూశాను. పుల్ల కిందికి దింపాను, పైకి తోశాను, మళ్లీ కిందికి...

"ఏందది, ఒక్కతీరుగ పిట్ట లెక్క కూస్తున్నది?"

సుజాత. వంటింట్లోంచి. నీళ్ల కుళాయి తిప్పి ఉంది, పోపు వేగుతోంది, అయినా వినబడిందట. నేను దాని పక్కనే ఉన్నాను. జానెడు దూరం.

బ్యాటరీ పీకేశాను. "టెస్టింగ్" అన్నాను.

కుడి దానికి చెవిని నమ్ముకోలేదు. వాచీ పెట్టుకుని, కలిపాక మనసులో మూడు లెక్కపెట్టి దింపాను. మళ్లీ ఎడమ దానికీ అలాగే. పుల్ల తోస్తే రెండూ తిరిగాయి. పని అయింది.

అన్నం తినబుద్ధి కాలేదు.

నవంబర్ 11, మంగళవారం

పని అవలేదు.

షిఫ్టుకు ముందు నీళ్ల టబ్బులో పెట్టి చూశాను. పుల్ల తోయగానే కుడి పంకా గిర్రున లేస్తుంది. ఎడమది... ఆలోచించుకుని, మెల్లగా, తర్వాత లేస్తుంది. ఈలోగా పడవ ఎడమకు తిరిగి టబ్బు అంచుకు గుద్దుకుంటుంది. ముందు భాగాన రంగు గీరుకుపోయింది. మూర్తిగారికి ఏం చెప్పాలో తెలియదు.

నవంబర్ 12, బుధవారం

ఎడమ కడ్డీ విప్పి గ్రీజు పెట్టాను. తేడా లేదు.

నవంబర్ 13, గురువారం

కడ్డీ వంకర ఉందేమోనని అద్దం మీద దొర్లించి చూశాను. తిన్నగా ఉంది. అంత తిన్నగా ఉండకపోయినా బాగుండేది, తప్పు దాని మీదకు పోయేది.

నవంబర్ 14, శుక్రవారం

ఖాతా పద్ధతిలోకి దిగాను. ఎక్కడ తప్పో తెలియకపోతే నడిచే సాంచా సామాను నడవని దానికి వేసి చూడడమే. మోటార్లు అటుదిటు మార్చాను — ఆలస్యం ఎడమకే ఉంది. కంట్రోలర్లు అటుదిటు మార్చాను — ఆలస్యం కుడికి వచ్చింది.

అంటే కంట్రోలర్. కొత్తది. కాలలేదు, చెడలేదు. మరి?

ఫోన్‌లో మూర్తిగారు: "సాఫ్ట్ స్టార్ట్, అంటే మెల్లగా లేచే సెట్టింగు, పడిందండీ. సెట్టింగుల్లోకి పోయి ఉంటది. ఆ బీపులు విన్నాక ఎంతసేపు ఆగారేంటి?"

"ఎంబడే దింపిన సార్."

అబద్ధం. ఆయనతో ఎనిమిదేళ్లలో మొదటి అబద్ధం. అది పిలుస్తూనే ఉంది, నేను పక్కన కూర్చుని అది చచ్చిందనుకున్నాను. నాలుగు రోజులుగా గ్రీజు, కడ్డీ, అద్దం... తప్పు ఎక్కడుందో నాకు ఆదివారం నుంచే తెలుసు.

నవంబర్ 16, ఆదివారం

పొద్దున్నే కంట్రోలర్లు మళ్లీ పాత చోట్లకు మార్చి కూర్చున్నాను.

సాంచా బేరింగ్ పోయిందో లేదో చూడాలంటే పొడుగు స్క్రూడ్రైవర్ మొన దాని మీద పెట్టి, పిడి చెవి దగ్గరి ఎముకకు ఆనిస్తాం. ఇప్పుడు ఎముక కూడా పెద్దగా చెప్పడం లేదు. కానీ వేలు చెబుతుంది. ఈ కంట్రోలర్ కూసేది మోటారుతోనే కదా — మోటారు మీద వేలు పెట్టాను. బ్యాటరీ కలిపాను.

తెలిసింది! వేలి కింద చిన్న చీమ పాకినట్టు. ఒకటి. రెండు. పుల్ల దింపాను. పొడుగ్గా ఒకటి. ఎంత సంతోషమైందో! ఎవరూ లేరు కాబట్టి చప్పట్లు కొట్టుకున్నాను.

కానీ సాఫ్ట్ స్టార్ట్ తీసెయ్యాలంటే సెట్టింగుల్లోకి పోవాలి. అక్కడ కూతలు వరసగా వస్తాయి. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. ఒక పొడుగూ రెండు పొట్టివీ వచ్చిన చోట దింపితే అన్నీ మొదటికి వస్తాయి. వేలితో పట్టుకోలేకపోయాను. ఎక్కడో దింపాను. ఇప్పుడు ఎడమ మోటారు ఆలస్యంగా లేవడమే కాదు, పుల్ల దింపగానే బ్రేకు వేసినట్టు టక్కున ఆగుతోంది. చేసిందంతా ఇంకా పాడు చేశాను.

తలెత్తితే మేఘన. పుస్తకం పట్టుకుని గుమ్మంలో. ఎంతసేపటి నుంచి ఉందో.

"నాన్నా, నీకు బీప్ ఇనవడ్తలేదు గదా."

"బ్యాటరీ వీకున్నది."

"బ్యాటరీ ఫుల్ ఉన్నది. మనే ఖబర్ ఛే నాన్నా. నాకు ఎరుకనే. మమ్మీకి గూడ ఎరుకే. మమ్మీ ఎప్పటికి నీ కుడి దిక్కే ఎందుకు కూసుంటదనుకున్నవ్?"

అరిచాను. పరీక్షలు పెట్టుకుని నా మీద నిఘా ఏంటని, పోయి చదువుకోమని. అది లోపలికి పోయింది. పెద్దగా అరిచానేమో. నా గొంతు ఎంత పెద్దదో కూడా నాకు సరిగ్గా తెలియదు కదా, అనిపించింది. తల కొట్టేసినట్టుంది.

నవంబర్ 17, సోమవారం

కోపం పోలేదు. ఎవరి మీదో తెలియదు.

నవంబర్ 18, మంగళవారం

గమనించాను. టీ ఇచ్చేటప్పుడు సుజాత కుడి పక్కకు వచ్చింది. బజారులో కుడి పక్క నడిచింది. దారిలో కంకర కుప్ప అడ్డమొస్తే చుట్టూ తిరిగి మళ్లీ కుడి పక్కకే చేరింది. టీవీ చూసేటప్పుడు మేఘన ఎడమ దిక్కు ఉంటే సుజాత కుడి దిక్కు. ఏదైనా చెప్పేముందు మోచేతి మీద తడుతుంది. అది ప్రేమతో అనుకునేవాణ్ణి. ప్రేమతోనే, కానీ నేననుకున్న కారణానికి కాదు.

అడిగాను. "ఎప్పటిసంది ఎరుక?"

ముఖం నా వైపు తిప్పి చెప్పింది. "మూడేండ్లాయె. కుక్కర్ ముంగటనే కూసోని కూత ఇనలే నువ్వు. పప్పు మాడింది."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వే చెప్తవని చూసిన. అడిగితే నువ్వు లొల్లి జేస్తవ్ గదా."

చేస్తాను. నిజమే. చేశాను కూడా, మొన్ననే. మూడేళ్లు ఒక్కడినే దాచుకున్నాననుకున్నాను. మూడేళ్లు ముగ్గురం దాచాం.

చీటీ సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.

నవంబర్ 19, బుధవారం

మేఘనకు చివరి పరీక్ష అయింది. దారిలో కచోరీ కట్టించుకుని తెచ్చాను. "సారీ" అనడం రాదు నాకు. పొట్లం చేతిలో పెట్టాను. "చాలో, మాఫ్ చేసిన" అంది. నవ్వింది. ఆ నవ్వు కంటితో చూశాను.

నవంబర్ 20, గురువారం

షిఫ్టుకు ముందు గంటన్నర ఉంది. మేఘన నిద్ర. పడవ ముందు ఊరికే కూర్చున్నాను.

సుజాత వచ్చి ఎదురుగా పీట వేసుకుంది. "కానియ్. నేనింట."

"నువ్వు విని చెప్పేలోపు అది దాటిపోతది."

"నోటితోటి ఎవలు చెప్తరు?" అంది. చెయ్యి ఎత్తింది.

పెళ్లయిన కొత్తలో సుజాత నాలుగేళ్లు మా ఖాతాలోనే కండెలు చుట్టింది. సాంచాల చప్పుడులో ఎవడి మాట ఎవడికీ వినబడదు. అక్కడ మాకందరికీ చేతులే నోళ్లు. ఒక వేలు — పోగు తెగింది. రెండు వేళ్లు — కండె మార్చు. అరచెయ్యి పడుకోబెడితే — మెల్లగా. పిడికిలి — ఆపు. ముప్పై సాంచాల అవతల నుంచి "అన్నానికి పోదామా" అని అడిగేది, ఐదు వేళ్లు మూతి దగ్గర పెట్టి. మళ్లీ ఆ చెయ్యి చూసి ఎన్నేళ్లయిందో.

పొట్టి కూతకు ఒక వేలు, పొడుగుకు అరచెయ్యి, దించమంటే పిడికిలి. మాట అనుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

పుల్ల పైకి తోసి బ్యాటరీ కలిపాను. సుజాత ముఖం చూడలేదు, చెయ్యే చూశాను. వేలు, వేలు. ఆగాను. వేలు... కాస్త ఆగి... వేలు, వేలు... అరచెయ్యి... అరచెయ్యి, వేలు... అరచెయ్యి, వేలు, వేలు —

పిడికిలి!

దింపాను. అరచెయ్యి పడుకుంది. తర్వాత తల ఊపింది.

టబ్బులో పెట్టాను. పుల్ల తోశాను. రెండూ ఒక్కసారే లేచాయి. నీళ్లు రెండు పాయలుగా వెనక్కి చిమ్మి సుజాత చీర తడిసింది. తిట్టింది. ఏమని తిట్టిందో తెలియదు, నవ్వుతూ తిట్టింది.

షిఫ్టుకు పది నిమిషాలు ఆలస్యం. ఇరవై ఆరేళ్లలో రెండోసారి.

నవంబర్ 21, శుక్రవారం

చీటీ తీసి సుజాత చేతిలో పెట్టాను. మేనేజరు రాసింది హిందీలో ఉంది, మేఘన చదివి చెప్పింది. కొత్త మగ్గాలు, బీపులు, పరీక్ష. పాతవి భంగార్.

"ఓడిపోతే?" అంది సుజాత.

"మాస్టర్ పని ఉండదు."

అప్పుడు నేను మనసులో ఉన్నది బయటపెట్టాను. ఆ పరీక్ష ఎలా ఉంటుందో కనుక్కున్నాను. చెవులకు హెడ్‌ఫోన్ పెడతారు, వినబడినప్పుడల్లా వేలు ఎత్తాలి. కూతకూ కూతకూ మధ్య ఎంత ఆగుతారో అంచనా వేసి, లెక్కపెట్టి ఎత్తితే? కుడి మోటారు అలాగే కదా నేర్చింది.

మేఘన నా కుడి పక్కకు వచ్చి కూర్చుంది. "నాన్నా, ఆడ వేలు పెట్టనీకి మోటర్ ఉండదు."

"లెక్కపెడ్త అంటున్న."

"లెక్క కరెక్టయి పాసయినవనుకో. రేపు మెషిన్ సచ్ మే పిలిస్తే? ఎవలిదన్న చెయ్యి అండ్ల ఉంటే?"

అంత దూరం నేను ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండడానికే ప్రయత్నించాను, అది నిజం. తొమ్మిదో తారీఖు ఆదివారం పడవ పిలుస్తుంటే పక్కనే కూర్చున్నాను. పడవ కాబట్టి సెట్టింగు మారింది, అంతే.

భయంగా ఉంది. చెవులంటే కాదు. మాస్టర్ అని పిలవకపోతే నన్ను ఏమని పిలుస్తారోనని.

నవంబర్ 22, శనివారం

పడవకు రంగు పోయిన చోట మళ్లీ వేశాను. ఆరింది.

నవంబర్ 23, ఆదివారం

ఆల్థాన్ తలావ్, చెరువు గట్టు. పొద్దున ఏడున్నర. చలి కొంచెం, గాలి లేదు. మూర్తిగారు స్వెటర్ వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు తయారై వచ్చాడు. మేం ముగ్గురం.

నేను నీళ్లలో దింపాను. రిమోట్ మూర్తిగారికి ఇచ్చాను. మొదట తీసుకోనన్నాడు. "నా చేతులు చూశారుగా మాస్టరుగారూ, పుల్ల ఆడిపోద్ది."

"ఆడనీ సార్. రెండూ కలిసే ఆడుతయ్."

తీసుకున్నాడు. తోశాడు. పడవ కదిలింది.

తిన్నగా వెళ్లింది. నీళ్ల మీద గీత గీసినట్టు. నిజానికి అంత తిన్నగా కాదు, వెళ్లిన కొద్దీ ఒక జానెడు ఎడమకు పోతోంది, రిమోట్ మీద చిన్న మీట రెండు గీతలు జరిపితే సరిపోయింది. ఆయన చెయ్యి వణికినప్పుడల్లా పడవ వేగం కొంచెం పెరిగి కొంచెం తగ్గింది. అలల మీద పోయే నిజం లాంచీలా ఉందని మేఘన అంది. మూర్తిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

బెంచీ మీద కూర్చున్నాక చెప్పేశాను. "సార్, ఆ రోజు ఎంబడే దింపిన అన్నది అబద్ధం. బీపులు నాకు ఇనవడలే. చెవులు పోతున్నయ్."

ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు.

"సప్లై వైపు మార్చానని మీరు చెప్పినప్పుడు నేను నవ్వాను కదండీ. ఇది చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది మీకు. నవ్వుతాననుకున్నారా?"

"లేదు సార్."

"నేను రెండేళ్లు జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగానండీ. ఎండాకాలంలో కూడా."

పడవను ఒడ్డు వైపు తిప్పాడు. పడవ ఒడ్డుకు వచ్చింది. దానికి వెనక్కి నడవడం రాదు, చుట్టూ తిరిగే రావాలి.

నవంబర్ 24, సోమవారం

చెవుల డాక్టరు దగ్గర. వరండాలో రాస్తున్నాను, పెన్ను సరిగ్గా రాయడం లేదు.

పొద్దున నేను ఒక్కణ్ణే వెళ్తానన్నాను. సుజాత అప్పటికే చెప్పులు వేసుకుంది. "పని ఉన్నది గదా నీకు" అన్నాను. "ఉండనీ" అంది.

ముందు పదకొండు మంది. మా ఖాతా వాళ్లు ఇద్దరు. ఇద్దరూ నాలాగే ఎదుటివాళ్ల నోటి వైపు చూస్తూ మాట్లాడుతున్నారు. ఇన్నేళ్లు పక్కపక్కన పనిచేశాం, ఇవాళే కనబడింది నాకు. ఒకడు లోపలికి వెళ్లి వచ్చాడు. ఏమైందని అడగలేదు, వాడూ చెప్పలేదు. నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

గాజు తలుపులోంచి ఆ గది కనబడుతోంది. చిన్న పెట్టె లాంటి గది, గోడలకు ఫోమ్ పట్టీలు. లోపల కూర్చున్న మనిషి అప్పుడప్పుడు వేలు ఎత్తుతున్నాడు. ఎత్తని చోట్లు కూడా ఉన్నాయి. ఆ చోట్లలో ఏం మోగిందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

లెక్కపెట్టను. అది నిర్ణయించుకున్నాను. మిగతాది ఏమీ నిర్ణయం కాలేదు. ఇంకో పని ఇస్తారో, ఇంటికి పొమ్మంటారో, చెవికి మిషన్ పెట్టుకుని రమ్మంటారో. కొత్త మగ్గాలకు దీపాలు కూడా ఉంటాయని ఎవరో అన్నారు. బీప్‌తో పాటు వెలుగుతాయట. నిజమో కాదో.

పేర్లు లోపలి నుంచి పిలుస్తున్నారు. ఒక ఆడపిల్ల, సన్నటి గొంతు. నాకు పెదవులు కదలడం మాత్రమే కనబడుతోంది, అదీ తలుపు తెరిచినప్పుడే.

సుజాత నా కుడి పక్కన కూర్చుంది. నా పేరు ఎప్పుడు పిలుస్తారోనని తలుపు వైపే చూస్తోంది. నేను సుజాత చెయ్యి వైపు చూస్తున్నాను.